పరాయి దేశంలో కూర్చుని రాసేవాళ్ళ గురించి అపోహలు - వాస్తవాలు

నేను స్టాక్‌హోమ్ వచ్చి పద్నాలుగేళ్ళు. పగలు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, పిల్లలు పడుకున్నాక తెలుగు కథలు. ఒక సంకలనం వేయించా, 500 కాపీలు, అందులో సగానికి పైగా ఇప్పటికీ తెనాలిలో మా అమ్మ మంచం కింద అట్టపెట్టెల్లోనే ఉన్నాయి, చెదపట్టకుండా ఆవిడే అప్పుడప్పుడు తీసి ఎండలో పెడుతుంది. ఇండియా వెళ్ళినా, ఇక్కడ ఉగాది ఫంక్షన్‌కి వెళ్ళినా అవే ప్రశ్నలు, అవే సలహాలు. ఇంగ్లీషులో రాయొచ్చుగా, ఇంకా తెలుగు గుర్తుందా నీకు, కొంపదీసి మా సంగతులన్నీ రాసేస్తావా ఏంటి... విని విని ఇక ఇవన్నీ ఒకచోట రాసి పడేద్దాం అనిపించింది. నా ఒక్కదాని అనుభవం చాలదు కాబట్టి ఇదే ఊళ్ళో రాసిన ఒక గ్రీకాయన్ని తోడు తెచ్చుకుంటున్నా.

ఆయన పేరు థియోడోర్ కల్లిఫతీదెస్. 1938లో గ్రీస్ దక్షిణాన లకోనియా ప్రాంతంలో మొలాయి అనే చిన్న ఊళ్ళో పుట్టాడు, నాన్న బడిపంతులు. ఆయనకి ఎనిమిదేళ్ళప్పుడు కుటుంబం ఏథెన్స్ చేరింది. 1964లో 26 ఏళ్ళకి స్వీడన్ వచ్చాడు. 1969లో మొదటి కవితల పుస్తకం, 1970లో మొదటి నవల, రెండూ స్వీడిష్‌లోనే. 1972కల్లా ఇక్కడి ముఖ్యమైన సాహిత్య పత్రికకి ఎడిటర్. భాష రాకుండా దిగిన మనిషి ఎనిమిదేళ్ళు తిరిగేసరికి ఆ భాషవాళ్ళ రచనల్లో ఏది వేసుకోవాలో ఏది తిప్పి పంపాలో చెప్పే కుర్చీలో కూర్చున్నాడు. నేను ఎనిమిదేళ్ళకి ఇక్కడి డెంటిస్ట్‌తో ఏ పన్ను నొప్పో సరిగ్గా చెప్పగలిగా, అదే గొప్ప.

అపోహ: ఇలాంటివాళ్ళంతా రాజకీయ బాధితులు, ప్రాణభయంతో పారిపోయి వచ్చినవాళ్ళు.

గ్రీస్‌లో సైన్యం అధికారం లాక్కుంది 1967 ఏప్రిల్‌లో, 1974 దాకా వాళ్ళదే రాజ్యం. ఈయన అంతకి మూడేళ్ళ ముందే బయల్దేరాడు. ఆ రోజుల్లో గ్రీస్ నుంచి లక్షలమంది పని వెతుక్కుంటూ జర్మనీకి, స్వీడన్‌కి, ఆస్ట్రేలియాకి పోయారు, మనవాళ్ళు దుబాయ్, మస్కట్ పోయినట్టే. అసలు ఆ ఇంట్లో వలస ఈయనతో మొదలవలేదు కూడా. వాళ్ళ నాన్న నల్లసముద్రం ఒడ్డున, ఇప్పటి టర్కీలో ఉన్న పాంటస్ ప్రాంతం గ్రీకు, అక్కణ్ణుంచి గ్రీస్ వచ్చినవాడు. అంటే రెండు తరాలు, రెండుసార్లు ఊరు మారడం.

అపోహ: అమ్మభాష వదిలి వేరే భాషలో రాసేది మార్కెట్ కోసమే.

ఇది వింటే నాకు నవ్వొస్తుంది. ఏ మార్కెట్ అండీ? గ్రీకు మాట్లాడేవాళ్ళు కోటీ చిల్లర, స్వీడిష్ మాట్లాడేవాళ్ళూ దాదాపు కోటి. కోటిమంది భాష వదిలి ఇంకో కోటిమంది భాషలోకి దూకితే అందులో లాభం ఏముంది. మన తెలుగువాళ్ళు 2011 జనాభా లెక్కల ప్రకారమే ఎనిమిది కోట్లు, అయినా కథల పుస్తకం వేస్తే 500, ధైర్యం ఉంటే 1000. కాబట్టి అంకెల్లో ఏమీ లేదు. స్వీడన్‌లో తేడా ఎక్కడంటే, లైబ్రరీ నుంచి మీ పుస్తకం ఎవరన్నా తీసుకెళ్ళిన ప్రతిసారీ మీకు కొంత డబ్బు లెక్క కడతారు, దానికోసం 1954 నుంచి ఒక ఫండ్ నడుస్తోంది. తీసుకెళ్ళిన ఒక్కోసారికి వచ్చేది చిల్లరే, కానీ ఎవరో చదివారన్న లెక్క ఉంటుంది కదా. మా అమ్మ మంచం కింద ఆ లెక్క కూడా లేదు.

మరి ఎందుకు మారాడు? నాకు అర్థమైంది చెప్తా. రాసేవాడికి పక్కన ఒక వినేవాడు కావాలి. ఊహల్లోనో, ఎప్పుడో రాబోయే పాఠకుడో కాదు, రేపు పొద్దున బస్‌లో ఎదురుపడి ఆ పేజీ గురించి ఏదన్నా అనగలిగేవాడు. 1969లో స్టాక్‌హోమ్‌లో కూర్చుని గ్రీకులో రాస్తే, ఆ సైనిక పాలన కింద ఏథెన్స్‌లో దాన్ని ఎవరు వేస్తారు, ఎవరు చదువుతారు? చుట్టూ ఉన్నవాళ్ళు స్వీడిష్ వింటున్నారు, ఈయన స్వీడిష్‌లో చెప్పాడు. నేను తెలుగులో రాస్తున్నది కూడా భాషాభిమానంతో ఏం కాదు (సభల్లో అలా పరిచయం చేస్తారు, నేను ఊరుకుంటా). నా వినే మనిషి తెనాలిలో ఉంది, ఆవిడకి వేరే భాష రాదు, అంతే.

అపోహ: ఒకసారి భాష ఎంచుకున్నాక ఇక అదే.

వాసిలిస్ అలెక్సాకిస్ అని ఇంకో గ్రీకు రచయిత, 1943లో ఏథెన్స్‌లో పుట్టి పారిస్‌లో స్థిరపడ్డాడు, 2021లో పోయాడు. మొదటి నవలలు ఫ్రెంచిలో రాసి, 80ల మొదట్లో ఒకటి గ్రీకులో రాసి, దాన్ని మళ్ళీ తనే ఫ్రెంచిలోకి తెచ్చుకుని, ఆ తర్వాత అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. అమ్మభాష గురించే రాసిన నవలకి 1995లో ఫ్రాన్స్‌లో మెదిసిస్ బహుమతిలో సగం వాటా వచ్చింది. అది చాలదన్నట్టు మధ్య ఆఫ్రికాలో మాట్లాడే సాంగో అనే భాష నేర్చుకుని, ఆ నేర్చుకోవడం మీదే ఇంకో నవల రాశాడు. కొంతమందికి అలా ఉంటుంది, ఏం చేస్తాం.

అపోహ: మాట్లాడటం వస్తే రాయడం వచ్చేసినట్టే, మిగతాది డిక్షనరీ చూసుకుంటుంది.

దీని గురించి కొంచెం ఎక్కువ మాట్లాడతా, ఎందుకంటే నా రాత్రులన్నీ ఇక్కడే పోయాయి.

స్వీడన్‌లో ఇప్పుడు అందరూ అందరినీ "దూ" అంటారు, అంటే నువ్వు. బాస్, డాక్టర్, పిల్లల టీచర్, పక్కింటి 84 ఏళ్ళ పెద్దావిడ, ఎవరైనా సరే నువ్వే. కానీ కల్లిఫతీదెస్ దిగినప్పటికి ఇది లేదు. అప్పట్లో వీళ్ళకి మర్యాదగా పిలవడం ఎంత పెద్ద తలనొప్పంటే, "నీ" అనే బహువచనం (మన మీరు లాంటిది) ఉన్నా అది అంటే చిన్నచూపు చూసినట్టు ఫీలయ్యేవాళ్ళట, అందుకని ఎదురుగా ఉన్న మనిషినే మూడో మనిషిలా హోదాతో పిలిచేవాళ్ళు, "డాక్టర్‌గారు కాఫీ పుచ్చుకుంటారా" అని డాక్టర్‌గారినే అడిగేవాళ్ళు. మనకి ఇదేం కొత్త కాదు, "సార్ ఇప్పుడే వచ్చారా" అని సార్‌నే అడుగుతాం కదా. 1967లో ఇక్కడి ఆరోగ్య శాఖకి కొత్తగా వచ్చిన పెద్దాయన, బ్రూర్ రెక్సెద్ అని, నేను అందరినీ దూ అనే పిలుస్తా అని స్టాఫ్ ముందు చెప్పేశాడు. అప్పటికే మొదలైన గాలి అది, ఆ తర్వాత కొన్నేళ్ళకే దేశం అంతా నువ్వు అయిపోయింది. గ్రీకులో మాత్రం మనలాగే నువ్వు, మీరు రెండూ ఉన్నాయి. అంటే ఆ కుర్రాడు ఏ మర్యాదలు కష్టపడి నేర్చుకున్నాడో అవి నేర్చుకుంటుండగానే రద్దయిపోయాయి.

ఇప్పుడు నా సమస్య. నా కథలో ఒక తెలుగమ్మాయి పక్కింటి స్వీడిష్ పెద్దావిడతో లిఫ్ట్‌లో మాట్లాడుతుంది. స్వీడిష్‌లో ఇద్దరిదీ దూ. తెలుగులో ఏం రాయాలి? నువ్వు అని రాస్తే ఆ పిల్లకి పెంపకం లేనట్టు వినిపిస్తుంది, మీరు అని రాస్తే ఈ దేశంలో మనిషికీ మనిషికీ మధ్య ఉండే ఆ సమానమైన చల్లదనం అసలు పట్టుబడదు. ఒక్క సర్వనామం కోసం మూడు వారాలు పట్టింది, ఇంకా తేలలేదు.

చుట్టరికాల పేర్లు ఇంకో గొడవ. ఇంగ్లీషులో అంకుల్ అనేసి చేతులు దులుపుకోవచ్చు, స్వీడిష్ అలా కాదు, మొదటిసారి విన్నప్పుడు నేను ఎగిరి గంతేశా. ఫార్ అంటే నాన్న, మోర్ అంటే అమ్మ. ఫార్మోర్ అంటే నాన్నమ్మ, మోర్మోర్ అంటే అమ్మమ్మ. అక్షరం పొల్లు పోకుండా మనం కట్టినట్టే కట్టారు! మేనమామకీ బాబాయికీ కూడా వేరే వేరే మాటలున్నాయి. కానీ పిన్ని, పెద్దమ్మ ఇద్దరూ ఒకటే, పెద్దా చిన్నా తేడా లేదు. ఇక వియ్యంకుడు అనే మాట కోసం వెతికా, లేదు, తోడికోడలు లేదు, తోడల్లుడు లేడు. ఇదే లంచ్‌లో మా ఆఫీసు గ్రీకు కొలీగ్‌తో వాపోతుంటే అతను ఫోర్క్ కింద పెట్టేసి, మాకున్నాయి కదా అని వరసగా చెప్పాడు: వియ్యంకుడు అంటే సింబెథెరోస్, తోడికోడలు అంటే సిన్నిఫాదా, తోడల్లుడు అంటే బజనాకిస్. మూడుకి మూడు! ఆ రోజు మేమిద్దరం టెస్ట్ కేసులు వదిలేసి గంటసేపు తోడల్లుళ్ళ జోకులే చెప్పుకున్నాం, అవి కూడా కలిశాయి.

ఇప్పుడు ఆలోచించండి, ఆ మాటలున్న ఇంట్లో పెరిగినవాడు ఆ మాటలు లేని భాషలో ఇంటి కథ రాయాలి. సిన్నిఫాదాని "మా అమ్మ భర్త తమ్ముడి భార్య" అని రాస్తే పాఠకుడు వేళ్ళు లెక్కపెట్టుకుంటాడు, కథ ఆగిపోతుంది. తోడికోడలు అనగానే మనకి వంటింట్లో గిన్నెల చప్పుడు వినిపిస్తుంది కదా, ఆ చప్పుడు డిక్షనరీలో దొరకదు. అందుకే అక్కడ రచయిత మాట కోసం కాకుండా సీన్ కోసం వెతుక్కోవాలి, ఇద్దరు ఆడవాళ్ళు ఒకే పొయ్యి దగ్గర నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకోకపోవడం చూపించాలి.

అపోహ: బయట ఉన్నవాళ్ళు రాసేదంతా ఊరి బెంగే.

కల్లిఫతీదెస్ మొదటి నవల స్టాక్‌హోమ్‌లో బతికే గ్రీకు కూలీల మీద. తర్వాత ఒక మహిళా పోలీసు ఆఫీసర్‌ని పెట్టి క్రైమ్ నవలలు కూడా రాశాడాయన. బెంగతో క్రైమ్ నవల రాయలేం.

అపోహ: ఇంట్లోవాళ్ళంటే రచయితకి ఉచితంగా దొరికే ముడిసరుకు.

ఇది సగం నిజం, అందుకే ఎక్కువ ఇబ్బంది. కల్లిఫతీదెస్ పుస్తకాల్లో నాకు బాగా దగ్గరైంది వాళ్ళమ్మ గురించి రాసింది. ఆవిడకి 92, ఈయనకి 68, ఏథెన్స్‌లో అమ్మ ఫ్లాట్‌కి వారం రోజులు వెళ్తాడు, అంతే కథ. తింటారు, మాట్లాడుకుంటారు, పడుకుంటారు. మధ్యమధ్యలో వాళ్ళ నాన్న రాసి ఇచ్చిన కాగితాలు వస్తాయి. కొడుకు అడిగితే ఆ మేష్టారు తన జీవితం అంతా, పాంటస్‌లో పుట్టుక నుంచి జర్మన్‌ల ఆక్రమణలో జైలుపాలవడం దాకా, కూర్చుని రాసిచ్చాడు. ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే కొడుకు ఆ కాగితాల్ని నవల చేసి మింగెయ్యలేదు, నాన్న మాటల్ని నాన్న మాటలుగానే పక్కన పెట్టాడు. ముడిసరుకు అయితే కరిగించి పోత పోసేవాడు కదా.

నేను ఈ తెలివి రాకముందే మా నాన్న మీద కథ రాసేశా. అందులో ఆయన అప్పులు, చివరి రెండేళ్ళు అమ్మతో మాట్లాడకపోవడం, అన్నీ పెట్టా. పుస్తకం వచ్చాక పది రోజులు తెనాలికి ఫోన్ చెయ్యడానికి చెయ్యి రాలేదు. చివరికి ఆవిడే చేసింది.

"చదివానే."

"ఊఁ... ఏమనిపించింది అమ్మా?"

"మనింట్లో గోంగూర పప్పులో ఇంగువ ఎప్పుడేశానే నేను?"

అంతే. అప్పుల గురించి మాట లేదు, మౌనం గురించి మాట లేదు. ఇంగువ గురించి మాత్రం పావుగంట. మర్నాడు మళ్ళీ చేసి, మీ నాన్న గొడుగు ఎడమచేత్తో పట్టుకునేవారు, నువ్వు కుడి అని రాశావు, ఆ భుజం నెప్పి మర్చిపోయావా అంది. ఆ భుజం నెప్పి నేను నిజంగానే మర్చిపోయా. అప్పులు గుర్తుపెట్టుకుని భుజం మర్చిపోయా. రెండో ముద్రణ అంటూ వస్తే (మంచం కింద పెట్టెలు ఖాళీ అవ్వాలి ముందు) రెండూ సరిచేస్తానని మాటిచ్చా. మా బాబాయి మాత్రం ఇప్పటికీ నాతో మాట్లాడట్లేదు, ఆయన ఆ కథలో లేడు, లేనందుకు.

అపోహ: ఒకసారి రాయడం ఆగిపోతే ఇక అయిపోయినట్టే.

77 ఏళ్ళకి కల్లిఫతీదెస్‌కి రాయడం ఆగిపోయింది. రాసుకోవడానికి విడిగా ఉన్న గదికి రోజూ వెళ్ళడం, కూర్చోవడం, ఏమీ రాకపోవడం. చివరికి ఆ గది అమ్మేశాడు. అమ్మేసి ఇంట్లో కూర్చుంటే ఇంకా ఇబ్బంది, అన్నేళ్ళు పొద్దున్నే బయటికి పోయిన మనిషి పగలంతా ఇంట్లో కాళ్ళకి అడ్డం. ఆ తర్వాత గ్రీస్ వెళ్ళాడు, తను పుట్టిన మొలాయిలో బడిపిల్లలు ఈస్కిలస్ నాటకం వేస్తుంటే చూశాడు, "పర్షియన్లు" అని, క్రీస్తుకి 472 ఏళ్ళ ముందుది. గ్రీకులు గెలిచిన యుద్ధం గురించి ఓడిపోయినవాళ్ళ ఇంట్లోంచి చెప్పే నాటకం అది, పర్షియా రాజమాత కొడుకు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. అది తన ఊళ్ళో, తన భాషలో, పిల్లల నోటివెంట విన్నాక మళ్ళీ రాయడం మొదలైంది, ఈసారి గ్రీకులో. అన్ని దశాబ్దాలు స్వీడిష్‌లో రాశాక నేరుగా గ్రీకులో ఒక పుస్తకం, 2016లో అచ్చయింది.

దీన్ని చాలామంది వేర్లకి తిరిగి రావడం, రక్తం పిలవడం అని రాస్తారు. నాకు అలా అనిపించదు. తర్వాత పుస్తకం మళ్ళీ స్వీడిష్‌లోనే రాశాడు మరి, దాన్నేమంటారు? నాకు కనబడేది ఇంతే, ఆ రాత్రి ఆ ఊళ్ళో ఆయనకి వినేవాళ్ళు దొరికారు.

రెండేళ్ళ క్రితం నాకూ ఆగిపోయింది, ఎనిమిది నెలలు. గది అమ్ముదామంటే నాకు గదే లేదు, డైనింగ్ టేబుల్ మీద ఒక మూల అంతే. ఆగిపోయినప్పుడు ఏం చేశానంటే పాతవి అమ్మకి వాట్సాప్‌లో చదివి వినిపించడం మొదలుపెట్టా, కళ్ళ ఆపరేషన్ అయ్యాక చిన్న అక్షరాలు ఆవిడకి కష్టంగా ఉన్నాయి. ఇక్కడ తొమ్మిది, అక్కడ అర్ధరాత్రి దాటుతుంది, నిద్ర పట్టనప్పుడు ఆవిడే మిస్డ్ కాల్ ఇస్తుంది. బిగ్గరగా చదువుతుంటే తెలిసింది, నా వాక్యాల్లో ఎన్ని స్వీడిష్ నడకలు దూరాయో. ఆవిడ ఎక్కడ "ఆఁ?" అంటే అక్కడ గీత పెట్టుకోవడమే. పేజీకి నాలుగైదు వచ్చేవి.

మొన్న ఆ లిఫ్ట్ కథ చదివా. రెండో పేజీలోనే ఆపేసింది.

"అంత పెద్దావిడని నువ్వు అంటుందేంటే ఆ పిల్ల?"

"ఇక్కడ అందరూ అలాగే అంటారు అమ్మా, అలా అంటేనే మర్యాద."

"ఆవిడ ఏమనుకోదా?"

"మీరు అంటేనే ఏదోలా చూస్తుంది."

కాసేపు ఫ్యాన్ చప్పుడు తప్ప ఏం లేదు. తర్వాత, "సరే మొదట్లో మీరు అనిపించు, కొన్నాళ్ళు అలవాటయ్యాక నువ్వు అననీ, నేనూ మీ నాన్నగారి అక్కయ్యని అలాగే పిలిచా" అంది. అలాగే మార్చా. ఇప్పుడు మూడో పేజీలో మీరు పోయి నువ్వు వచ్చే చోట ఒక కారణం కావాలి, లిఫ్ట్ మధ్యలో ఆగిపోతే ఎలా ఉంటుందా అని చూస్తున్నా.