దారిలో ఉన్న వడ్లు

కోవూరు దగ్గర ఉప్పుడు బియ్యం మిల్లులో పనిచేసే పాఠకుడు ఒకరు అడిగారు: "డ్రయ్యర్‌కు ఆటోమేటిక్ కంట్రోల్ పెట్టాం. తేమ 14 శాతం దగ్గర నిలవాలి. కానీ రెండున్నర గంటలకోసారి 16కి ఎక్కి, మళ్లీ 12కి పడిపోతోంది. మా పాత ఆపరేటర్ గింజ కొరికి చూసి చెప్పినప్పుడే నయం. ఎందుకండీ?"

తేమ మీటరు ఎక్కడ పెట్టారని అడిగాను. వడ్లు ఎలివేటర్ ఎక్కి, బిన్నులో పడి, కిందికి దిగే చోట ఉందట. డ్రయ్యర్ నోటి నుంచి, అంటే ఆరిన వడ్లు బయటికొచ్చే చోటు నుంచి, గింజ అక్కడికి చేరడానికి 40 నిమిషాలు. జబ్బు అక్కడే ఉంది.

కనుపూరు కాలువ కింద చివరి మడి రైతును తలుచుకోండి. నీళ్లు రాలేదని ఫోన్ చేస్తే లస్కరు తూము తలుపు కొంచెం ఎత్తుతాడు. ఆ నీళ్లు దిగి రావడానికి గంటలు పడుతుంది. రైతు ఆగలేక మళ్లీ ఫోన్ చేస్తాడు, తలుపు ఇంకొంచెం లేస్తుంది. అంతా ఒక్కసారిగా వచ్చిపడి గట్టు తెగుతుంది. ఆపమని మొత్తుకున్నా కాలువ పొడుగునా ఉన్న నీళ్లు వచ్చి తీరతాయి. భయపడి తలుపు పూర్తిగా దించేస్తే మర్నాడు మడి ఎండుతుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. చూసే చోటు ఒకటి, తిప్పే చోటు ఇంకొకటి.

ఈ జాప్యమే డెడ్ టైమ్. ఇలాంటి డ్రయ్యర్లకు పెట్టే పీఐడీ కంట్రోలర్, కావాల్సిన తేమకూ ఉన్న తేమకూ తేడా ఇప్పుడెంత, ఇంతవరకు ఎంత పోగైంది, ఎంత వేగంగా మారుతోంది అని మూడూ చూసి, వేడినిచ్చే ఆవిరి వాల్వు తిప్పుతుంది. గెయిన్, అంటే తేడాను బట్టి వాల్వును ఎంత గట్టిగా తిప్పాలన్న పాలు, ఎక్కువైతే లూప్ (మీటరు, కంట్రోలర్, వాల్వు కలిసిన చుట్టు) ఊగుతుంది. ఒక్కో ఊపుకు పట్టే కాలం సాధారణంగా డెడ్ టైమ్‌కు రెండు నుంచి నాలుగు రెట్లు. 40కి నాలుగు రెట్లు 160 నిమిషాలు, అంటే ఆయన చెప్పిన రెండున్నర గంటలకు దగ్గరే! ఈ లెక్క కలిసినప్పుడు ఎంత సంతోషమేసిందో! మిల్లుకు దిష్టి తగిలిందని గుమ్మడికాయ కూడా కొట్టించారట. వేళ తప్పకుండా తిరిగొచ్చేదాని వెనక లెక్క ఉంటుందని బడిలోనే పిల్లలకు చెప్పాలి.

1957లో ఓటో స్మిత్ అనే ఇంజనీరు దీనికి దారి చూపాడు. కంట్రోలర్ లోపల ప్రక్రియ నమూనాను (డ్రయ్యర్ ఎలా నడుస్తుందో చెప్పే లెక్కల మోడల్‌ను) రెండు రకాలుగా నడుపుతారు: జాప్యం లేకుండా ఒకటి, జాప్యంతో ఒకటి. మొదటిదాన్ని నమ్మి వాల్వు తిప్పుతుంది, రెండోదాన్ని అసలు మీటరుతో పోల్చి తప్పు దిద్దుకుంటుంది. దారిలో ఎన్ని నీళ్లున్నాయో మనసులో పెట్టుకుని తలుపెత్తే లస్కరు అన్నమాట. కాకపోతే నమూనాలో 40 నిమిషాలని రాసి, బిన్ను సగమే నింపి నడిపితే లెక్క తప్పుతుంది.

ఇక ఆ పాత ఆపరేటర్. ఆయన గింజను డ్రయ్యర్ నోటి దగ్గరే తీస్తాడు. అరచేతిలో నలిపి పొట్టు ఊది, పంటికింద పెడతాడు. టక్కుమని విరిగితే సరే. మెత్తగా నలిగితే వాల్వు ఇంకాస్త తిప్పుతాడు. బిన్నులో పోయే 40 నిమిషాలు ఆయనకు లేవు.

మీటరును అక్కడికే మార్చమని రాశాను. అక్కడ గింజ వేడిగా ఉంటుంది, కాబట్టి వేడిని బట్టి రీడింగు సవరించుకునే మీటరే కొనాలి.