గజ్జి తెగులు ఒకటే, బాక్టీరియా వంశాలు వేరు

గూడూరు, తెనాలి నిమ్మ రైతులకు గజ్జి తెగులును పరిచయం చేయనక్కరలేదు. ఆకులు, కొమ్మలు, కాయల మీద గరుకుగా లేచే గోధుమరంగు మచ్చలు, ఆకుల మీదైతే వాటి చుట్టూ పసుపు వలయం. దీనికి కారణం జాంథోమోనాస్ సిట్రి అనే బాక్టీరియా. ఒకే పేరుతో పిలుస్తున్నా, దానిలోని వంశాలన్నీ ఒకే తీరున నడుచుకోవు.

ఎన్నో దేశాలకు పాకిన 'ఎ' రకం నిమ్మ, బత్తాయి, గ్రేప్‌ఫ్రూట్ వంటి ఎన్నో చెట్లకు సోకుతుంది. 1998లో ఇరాన్, ఒమన్, సౌదీ అరేబియా, భారత్ నమూనాల ఆధారంగా వర్ణించిన 'ఎ-స్టార్' రకం తోటల్లో ప్రధానంగా నిమ్మకే సోకుతుంది. ఫ్లోరిడాలో బయటపడిన 'ఎ-డబ్ల్యూ' కూడా దాదాపు అంతే. దాని దగ్గరున్న ఒక ప్రోటీన్‌ను గ్రేప్‌ఫ్రూట్ ఆకు పసిగట్టి, సోకిన చోట తన కణాలను తానే చంపుకుంటుంది. బాక్టీరియా అక్కడితో ఆగిపోతుంది. ప్రయోగశాలలో ఆ ప్రోటీన్ జన్యువును పాడుచేస్తే, అదే బాక్టీరియా గ్రేప్‌ఫ్రూట్‌లోనూ తెగులు పుట్టించింది. గ్రేప్‌ఫ్రూట్‌కు సోకాలా వద్దా తేల్చడానికి ఒక్క జన్యువు చాలన్నమాట!

ఇంతకన్నా ఆశ్చర్యం దక్షిణ అమెరికాలోని 'బి', 'సి' రకాలది. ఇవి వేరే శాఖకు చెందినవి. అయినా 'ఎ', 'బి', 'సి' రకాలన్నీ చెట్టు కణంలోకి ఒకే కోవకు చెందిన ప్రోటీన్లను పంపుతాయి. వాటిలో సుమారు 34 అమైనో ఆమ్లాల (ప్రోటీన్‌కు ఇటుకల్లాంటివి) తునక వరుసగా పునరావృతమవుతుంది. ఒక్కో తునక చెట్టు డీఎన్ఏలో ఒక్కో అక్షరాన్ని గుర్తుపడుతుంది. అలా వెతుక్కుంటూ వెళ్లి అవి మేల్కొలిపేది చెట్టులోని ఎల్ఓబీ1 అనే జన్యువునే. దాంతో కణాలు ఉబ్బి, విభజన చెంది, పొక్కులు లేచి పగులుతాయి. వానచినుకులు, గాలి బాక్టీరియాను పక్క చెట్టుకు చేరుస్తాయి. అందుకే శాస్త్రవేత్తలు ఎల్ఓబీ1 దగ్గరి డీఎన్ఏను మార్చి, తెగులును తట్టుకునే మొక్కలను తయారుచేశారు. వంశాలు ఎన్ని ఉన్నా తాళం ఒక్కటే కాబట్టి, ఈ దారిలో నాకు గట్టి ఆశ కనిపిస్తోంది.

ఈ తెగులు ఆనవాళ్లున్న అత్యంత పాత ఎండు మొక్కల నమూనాల్లో ఒకటి 1827–1831 మధ్య భారత్‌లో సేకరించినదే. ఇంత పాత చరిత్ర ఉన్న చోట ఎన్ని వంశాలున్నాయో తోట తోటకూ వెతకాలి. రాగి మందులు పిచికారీ చేసే మనకు ఇది మరీ అవసరం. అర్జెంటీనాలో 1994లోనే రాగికి లొంగని రకాలు కనిపించాయి. ఆ శక్తినిచ్చే జన్యువులు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయం మీద ఉంటూ, ఒక బాక్టీరియా నుంచి మరో బాక్టీరియాకు చేరగలవు.