సబ్బు దగ్గర మొదలై హీటర్ కాయిల్ దాకా వచ్చిన కఠినజలం

గీజర్ ఆన్ చేసిన కాసేపటికి లోపల చిటపటమని చప్పుడు వస్తుంటే వైరింగ్‌లో ఏదో తేడా వచ్చిందని టెన్షన్ పడేవాళ్లు చాలామంది. ఎక్కువసార్లు అసలు సంగతి కాయిల్ మీద పేరుకున్న సున్నం పొర. ఆ పొరకీ లోహానికీ మధ్య చిక్కుకున్న నీళ్లు ఆవిరైపోతూ, బయటికి దారి దొరక్క అలా చప్పుడు చేస్తాయి. కాయిల్ బయటికి తీసి చూస్తే తెల్లగా, గరుకుగా గట్టిపడిపోయి ఉంటుంది. గోటితో గీకితే రాదు. స్పానర్‌తో తడితే పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. మెషిన్ మంచిది కాదని కంపెనీని తిట్టుకుంటాం గానీ, ఈ పొర వెనక రెండున్నర శతాబ్దాల కథ ఉంది. ఇన్నేళ్లలోనూ నీళ్ల కఠినత్వం, అంటే వాటిలో కరిగి ఉండే కాల్షియం, మెగ్నీషియం, ఎక్కడికీ పోలేదు. దాన్ని భరించే బాధ్యత మాత్రం నీళ్లు సరఫరా చేసేవాళ్ల నుంచి మెల్లగా ఇంట్లోవాళ్ల మీదికి జరిగింది.

వాన నీళ్లు నేలలోకి ఇంకేటప్పుడు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని కాస్త ఆమ్లంగా మారతాయి. ఆ నీళ్లు సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగించుకుని కాల్షియం, మెగ్నీషియం వెంట తెచ్చుకుంటాయి. వేడి చేస్తే ఇదంతా వెనక్కి నడుస్తుంది. వాయువు లేచిపోతుంది, సున్నం అడుగున మిగులుతుంది. 1767లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త హెన్రీ కావెండిష్ లండన్‌లోని ఒక పంపు నీళ్లని పరీక్షించి ఈ గుట్టు బయటపెట్టాడు. నీళ్లలో సున్నాన్ని కరిగించి ఉంచుతున్నది ఆ వాయువేనని, కాచినప్పుడు అది పోవడంతో సున్నం విడిపోయి అడుగుకి దిగుతుందని చూపించాడు. గీజర్‌లో ఈ రోజు జరుగుతున్నదీ అదే.

అప్పట్లో జనానికి కాయిళ్ల బాధ లేదు, బాధంతా సబ్బుతోనే. కఠినజలంలో సబ్బు పాలు విరిగినట్టు విరిగిపోయి తెట్టు కడుతుంది. కాల్షియం అంతా అలా ఖర్చయ్యాక గానీ నురగ రాదు. స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో కెమిస్ట్రీ ప్రొఫెసర్ థామస్ క్లార్క్ ఈ చిరాకునే కొలబద్దగా మార్చేశాడు. తెలిసిన బలం ఉన్న సబ్బు ద్రావణాన్ని సీసాలోని నీళ్లలో కొంచెం కొంచెం పోస్తూ, పోసిన ప్రతిసారీ గట్టిగా కుదపాలి. పైన నురగ ఐదు నిమిషాల పాటు చెదరకుండా నిలిచేసరికి ఎంత సబ్బు పట్టిందో, ఆ నీళ్లు అంత కఠినం. ఆయనే 1841లో ఒక పేటెంట్ తీసుకున్నాడు. నీళ్లలో లెక్క ప్రకారం సున్నపు తేట కలిపితే, ముందే కరిగి ఉన్న సున్నం కూడా దాంతోపాటే అడుగుకి దిగిపోతుంది. సున్నంతోనే సున్నాన్ని తీసే ఈ పద్ధతి ఇప్పటికీ పెద్ద పెద్ద నీటి శుద్ధి కేంద్రాల్లో నడుస్తోంది.

స్కాట్లండ్‌లోనే గ్లాస్గో నగరం ఇంకో దారి పట్టింది. 1859లో కొండల్లోని లాక్ కాట్రిన్ సరస్సు నుంచి మెత్తని నీళ్లు, అంటే కఠినత్వం తక్కువున్న నీళ్లు తెప్పించుకుంది. ఇళ్లల్లో సబ్బు ఖర్చు తగ్గిందని జనం సంబరపడ్డారు. అయితే మరీ మెత్తని నీళ్లు సీసపు గొట్టాలని కరిగిస్తాయి. అక్కడే 1978 నుంచి నీళ్లలో సున్నం కలపాల్సి వచ్చింది. కఠినత్వాన్ని పూర్తిగా శత్రువుగా చూసేవాళ్లు ఈ సంగతి మరచిపోకూడదు. గొట్టం లోపల పల్చటి సున్నం పొర ఉంటే కొంత రక్షణే.

నీళ్ల కఠినత్వం తీసేందుకు ఇళ్లల్లో పెట్టుకునే సాఫ్ట్‌నర్ మూలాలు మాత్రం పొలం మట్టిలో ఉన్నాయి. అమ్మోనియా ఎరువు మట్టిలోంచి కిందికి దిగేటప్పుడు అమ్మోనియా మట్టిలో ఆగిపోతోందని, దాని బదులు కాల్షియం బయటికి వస్తోందని థాంప్సన్, వే అనే ఇద్దరు ఇంగ్లండ్‌లో 1850లో గమనించి రాశారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జర్మనీలో రాబర్ట్ గాన్స్ ఈ మార్పిడినే నీళ్లకి వాడాడు. నీళ్లలోని కాల్షియం పుచ్చుకుని బదులుగా సోడియం ఇచ్చే పదార్థం అది. శక్తి తగ్గినప్పుడు ఉప్పునీళ్లతో కడిగితే మళ్లీ పనిచేస్తుంది. 1935లో ఆడమ్స్, హోమ్స్ అనే ఇద్దరు ఇదే మార్పిడి చేసే కృత్రిమ రెసిన్లు తెచ్చారు. డిష్‌వాషర్‌లో ఉప్పు పోసే అర వెనకున్న సూత్రం ఇదే.

అసలు మలుపు 1946లో వచ్చింది. అమెరికాలో టైడ్ డిటర్జెంట్ మార్కెట్లోకి దిగింది. అందులోని ఫాస్ఫేట్ కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది కాబట్టి తెట్టు మాయమైంది. నీళ్లు కఠినమైనవన్న ధ్యాసే జనానికి పోయింది. నా దృష్టిలో పెద్ద నష్టం ఇక్కడే జరిగింది. కంటికి కనిపించిన సమస్య కనిపించని చోటికి, కాయిల్ దగ్గరికి వెళ్లి కూర్చుంది. తర్వాత ఆ ఫాస్ఫేట్ చెరువుల్లో నాచుని పెంచుతోందని తేలింది. బట్టల డిటర్జెంట్లలో దానికి యూరోపియన్ యూనియన్ 2013లో పరిమితి పెట్టింది, డిష్‌వాషర్ పొడికి 2017లో. కాల్షియాన్ని పట్టుకునే జియోలైట్ లాంటి పదార్థాలు ఆ స్థానంలోకి వచ్చాయి. కానీ ఫాస్ఫేట్ తగ్గాక గాజు గ్లాసుల మీద తెల్ల మచ్చలు మళ్లీ కనబడ్డాయి.

లీటరుకి 300 మిల్లీగ్రాముల కఠినత్వం ఉన్న నీళ్లయితే 100 లీటర్లలో 30 గ్రాముల సున్నం ఉన్నట్టు లెక్క. అంతా కాయిల్ మీదే దిగదు గానీ, వేడి ఎక్కువయ్యే కొద్దీ దిగేది పెరుగుతుంది. రాగితో పోలిస్తే సున్నం వంద రెట్లకు పైగా తక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. గ్యాస్ హీటర్‌లో ఆ వేడి పొగగొట్టంలోంచి వృథాగా పోతుంది. కరెంటు గీజర్‌లో మాత్రం బిల్లు కంటే ముందు కాయిలే దెబ్బతింటుంది, ఎందుకంటే వేడి నీళ్లకి చేరక దాని లోపలే పెరిగి తీగ కాలిపోతుంది. వాషింగ్ మెషిన్‌లో గోరువెచ్చని నీళ్లతో సరిపెట్టుకుంటే పొర తక్కువగా పడుతుంది. పట్టిన పొరని నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కరిగిస్తుంది.

చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటర్ చూపించే అంకెని కఠినత్వం అనుకోవద్దు. అది కరిగిన లవణాలన్నిటినీ కలిపి అంచనా వేస్తుంది. సాఫ్ట్‌నర్ సరిగ్గా పనిచేస్తున్నా ఆ అంకె పెద్దగా తగ్గదు. దాంతో చాలామంది సాఫ్ట్‌నర్ పాడైందనుకుంటారు. కఠినత్వం విడిగా తెలియాలి. 2007 నాటి జర్మనీ చట్టం ప్రకారం నీళ్లు సరఫరా చేసే సంస్థ తన నీళ్లు మెత్తనివా, మధ్యరకమా, కఠినమా అన్నది వినియోగదారులకి చెప్పి తీరాలి. ఏ రకం నీళ్లకి ఎంత డిటర్జెంట్ వాడాలో ప్యాకెట్ మీద ఉంటుంది. నీళ్లు పంపేవాళ్లు ఎక్కడైనా కనీసం ఈ మాత్రం సమాచారం ఇవ్వాలి. అది లేకుండా కాయిళ్లు మార్చుకుంటూ పోవడం వాడేవాళ్ల తప్పు కాదు.