ఫ్లోరైడ్ ఏ లిస్టులో ఉంది?

మొన్న మా వాడకట్టులో ఒకాయన కూతురి ప్రోగ్రెస్ రిపోర్టు పట్టుకొని వచ్చాడు. ఎనిమిదో తరగతి, నల్లగొండలోనే ఒక ఇంగ్లిష్ మీడియం బడి. పిల్ల రాసిన వ్యాసాన్ని సాఫ్ట్‌వేర్‌లో వేసి, మాటలను ఇంగ్లిష్‌లో ఎక్కువగా వాడే మొదటి వెయ్యి, ఆ తర్వాతి రెండో వెయ్యి, లిస్టులో లేనివి అని విడగొట్టి, చివర్లో ‘పదసంపద పెరగలేదు’ అని కొట్టేశారు. అడిగితే కంప్యూటరే చెప్పింది కదా అంటున్నారట. ఈ పంచాయితీ ఏటా ఉండేదే.

మొత్తం మాటల్లో వేర్వేరు మాటలెన్ని అని లెక్కపెట్టే పాత పద్ధతి సంగతి వదిలేద్దాం, అది అందరికీ తెలిసిందే. అసలు మలుపు 1995లో వచ్చింది. ఇజ్రాయెల్‌లోని బాటియా లాఫర్, న్యూజిలాండ్‌లోని పాల్ నేషన్ అనే భాషా పరిశోధకులు కలిసి ఈ విడగొట్టే పద్ధతి తెచ్చారు. మొదటి రెండు వేల మాటలకు వాళ్ళు ఆధారం చేసుకున్నది మైఖేల్ వెస్ట్ అనే ఆయన 1953లో అచ్చువేసిన, తరచూ వాడే ఇంగ్లిష్ మాటల లిస్టు. కంప్యూటర్ అనే మాట కూడా అందులో లేదు! ఇక మన పిల్ల రాసిన ఫ్లోరైడ్ ఎక్కడుంటుంది? తాత నడుము ఎందుకు వంగిపోయిందో చెప్పడానికి ఇక్కడి పిల్లలకు ఊహ తెలిసినప్పటి నుంచీ నోట్లో ఉన్న మాట అది. మిషన్ దాన్నీ, బత్తాయినీ, స్పెల్లింగ్ తప్పిన మాటలనూ కలిపి ఒకే సంచిలో పడేసింది. నిజానికి స్పెల్లింగులు మనిషి చూసి సరిచేశాకే టెక్స్ట్ ఎక్కించాలి, బళ్ళలో అంత తీరిక ఎవరికి?

1998లో లాఫరే పది, పదకొండు తరగతుల పిల్లలను పోల్చి చూశారు. అర్థం తెలిసిన మాటలు బాగా పెరిగాయి, సొంతంగా రాసేటప్పుడు వాడే మాటలు మాత్రం అసలు పెరగలేదు. ఈ గొడవకంతా మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం. 2005లో వేల్స్‌లోని పాల్ మియరా అనే మరో పరిశోధకుడు ఇంకా సూటిగా చెప్పారు. ఫలానా సైజు పదసంపద ఉన్నవాళ్ళు ఎలా రాస్తారో కంప్యూటర్‌తోనే ఊహించి లెక్కకట్టి చూసి, కొద్దిపాటి పెరుగుదలను ఈ పద్ధతి పట్టుకోలేదని తేల్చారు. నిజమైన పిల్లల రాతలు చూసి మాట్లాడాలని లాఫర్ జవాబిచ్చారనుకోండి.

సరే, నిజమైన పిల్లనే కూర్చోబెట్టి అడిగాను. డ్రాట్ అంటే కరువు, రిజర్వాయర్ అంటే జలాశయం, ఆర్చర్డ్ అంటే తోట అని టకటకా చెప్పింది. మరి వ్యాసంలో బత్తాయి గార్డెన్ అని ఎందుకు రాశావమ్మా అంటే, ఆర్చర్డ్ స్పెల్లింగ్ తప్పు పోతుందని టెన్షన్ అంది. వాళ్ళ నాన్న ఆ మాటలన్నీ రిపోర్టు వెనక రాసుకున్నాడు, సోమవారం బడికి పోతాడట.