జీడిపిక్కకు ఒక న్యాయం, పప్పుకు ఒక న్యాయం: స్వేచ్ఛా విపణిపై అపోహలు – వాస్తవాలు

పలాస–కాశీబుగ్గలో జీడి పరిశ్రమలకు లెక్కలు రాయడం, లైసెన్సులు రెన్యువల్ చేయించడం నా వృత్తి. ప్రభుత్వ నియంత్రణ నా బల్ల మీదికి చలాన్ల రూపంలోనే వస్తుంది కనుక, దాన్ని తగ్గించి ధరలను కొనేవారికీ అమ్మేవారికీ వదిలేయాలనే స్వేచ్ఛా విపణి వాదం గురించి తరచూ వినే కొన్ని మాటలకు ఇక్కడ సమాధానం రాస్తున్నాను.

అపోహ: స్వేచ్ఛా విపణి అంటే వ్యాపారులకు అనుకూలమైన విధానం.

వాస్తవం: దానిని పూర్తిగా కోరుకునే వ్యాపారి ఇంతవరకు నాకు తారసపడలేదు. ఆఫ్రికా నుంచి వచ్చే పిక్కలపై (పెంకు తీయని ముడి జీడిగింజలపై) సుంకం ఉండకూడదనే యజమానే, బయటి దేశాల నుంచి వచ్చే జీడిపప్పుపై మాత్రం సుంకం పెంచాలంటారు. ఒకసారి ఈ రెండు కోరికలనూ ఒకే వినతిపత్రంలో, ఒకదాని కింద ఒకటిగా నేనే టైపు చేశాను. విదేశీ పిక్క వచ్చి పడటం వల్లే తన 80 కిలోల బస్తాకు ధర పలకడం లేదన్నది ఇక్కడి ఉద్దానం ప్రాంతంలో జీడి పండించే రైతు గోడు. కేంద్రం 2018 బడ్జెట్‌లో పిక్కలపై సుంకాన్ని 5 శాతం నుంచి 2.5 శాతానికి తగ్గించి, 2019లో పప్పుపై సుంకాన్ని 45 శాతం నుంచి 70 శాతానికి పెంచింది. రెండుసార్లూ పరిశ్రమ కోరిందే జరిగింది. మిఠాయి దుకాణదారు తరఫునో, పాయసంలోకి పావుకిలో కొనే ఇల్లాలి తరఫునో వినతిపత్రం రాయమని నన్నెవరూ అడగలేదు. నియంత్రణను తరచూ ఆ పరిశ్రమే తన లాభం కోసం సంపాదించుకుంటుందని అమెరికా ఆర్థికవేత్త జార్జ్ స్టిగ్లర్ 1971లో చేసిన వాదన నాకు కొత్తగా అనిపించకపోవడానికి కారణం ఇదే.

అపోహ: ఇది మన నేలకు పరాయి ఆలోచన.

వాస్తవం: లైసెన్సులు, పర్మిట్ల పాలనను ఎదిరిస్తూ 1959లో ఏర్పడిన స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడు మన ఎన్.జి. రంగా, 1967లో ఆయనను లోక్‌సభకు పంపింది మా శ్రీకాకుళమే.

అపోహ: ఈ వాదం ప్రకారం నిబంధనలే ఉండకూడదు.

వాస్తవం: కాటా సరిగా తూగకపోయినా, చెక్కు చెల్లకపోయినా అడిగే చట్టం లేనిచోట విపణి నిలవదు. పిక్కలు కాల్చిన పొగ పొరుగింటి వంటగదిలోకి వెళ్తే, ఆ నష్టం పరిశ్రమ ఖాతాలోకే రావాలి. ఈ మాట మా క్లయింట్లకు అంతగా రుచించదు.

అపోహ: తుపాను తర్వాత ధర పెంచేవారిని అడ్డుకుంటే చాలు.

వాస్తవం: 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటాక కరెంటు లేక మోటార్లు ఆగిపోయినప్పుడు, మా వీధికి జనరేటరు తెచ్చిన వ్యక్తి ట్యాంకుకు ఇంతని లెక్కకట్టి నీళ్లు తోడాడు. ధర విని తిట్టుకున్నవారిలో నేనూ ఉన్నాను. ఆ ధర సంగతి తెలిసి మరో ఇద్దరు జనరేటర్లతో దిగడంతో, మూడో రోజుకు అది సగానికి తగ్గింది. అయితే డబ్బు లేని ముసలమ్మకు ఆ సగమైనా భారమే. అందుకే స్వేచ్ఛా విపణిని సమర్థించిన ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ వంటివారు ధరలను అదుపు చేయడం కంటే పేదలకు నేరుగా నగదు ఇవ్వడం మేలన్నారు. ఏటీఎంలు సైతం మూతపడిన ఆ వారంలో మాత్రం ఆమె బిందె నింపింది ప్రభుత్వం పంపిన ట్యాంకరే.