బాబు ఎదిగాడని రాస్తే గంటలు తగ్గుతాయా? ఆస్ట్రేలియాలో ప్లాన్ రివ్యూల వెనక కథ

మొన్న మెల్‌బోర్న్ పడమటి వైపు టార్నీట్ నుంచి ఒక తల్లి ఫోన్ చేసింది. "అక్కా, ఓటీ రిపోర్ట్ వచ్చింది. బాబు చొక్కా బొత్తాలు తనే పెట్టుకుంటున్నాడు, చాలా ఇంప్రూవ్ అయ్యాడు అని రాసింది. వచ్చే నెలతో ప్లాన్ అయిపోతోంది. ఇది చూసి థెరపీ గంటలు తగ్గించేస్తారేమో, ఆ ముక్క తీసెయ్యమని అడగనా?" గొంతు నిండా టెన్షన్. ప్లాన్ అంటే వైకల్యం ఉన్నవాళ్లకి ఎన్‌డీఐఎస్ అనే ప్రభుత్వ పథకం ఇచ్చే సాయం లెక్క, ఓటీ అంటే రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్ట్. ఎనిమిదేళ్ల పిల్లాడు బొత్తాలు పెట్టుకోవడం నేర్చుకుంటే ఇంటిల్లిపాదీ సంబరపడాలి కదా, ఆ అమ్మ భయపడుతోంది. ప్లాన్‌ని సరిగ్గా వాడుకోవడానికి కుటుంబాలకి సాయపడే సపోర్ట్ కోఆర్డినేటర్‌గా పనిచేస్తున్నాను కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్త కాదు, తెలుగువాళ్లే కాదు, అన్ని రకాల కుటుంబాలూ అడుగుతాయి. కానీ ప్రతిసారీ మనసు కలుక్కుమంటుంది. ఈ భయం ఊరికే పుట్టలేదు, దీని వెనక చాలా ఏళ్ల చరిత్ర ఉంది, అది తెలిస్తే రిపోర్ట్‌లో ఏం రాయించుకోవాలో కూడా తెలుస్తుంది. అందుకే ఇది రాస్తున్నాను.

ఎన్‌డీఐఎస్, అంటే నేషనల్ డిజబిలిటీ ఇన్సూరెన్స్ స్కీమ్, 2013లో మొదలైంది గానీ ఆ ఆలోచన అంతకన్నా చాలా పాతది. 1970ల్లో ప్రధాని గాఫ్ విట్లమ్ ప్రభుత్వం న్యూజిలాండ్ జడ్జి ఓవెన్ వుడ్‌హౌస్‌తో ఒక విచారణ చేయించింది. దెబ్బ ఎలా తగిలినా, ఎక్కడ తగిలినా మనిషికి దేశమే అండగా ఉండాలని ఆయన 1974లో రిపోర్ట్ ఇచ్చాడు. 1975 నవంబర్‌లో ఆ ప్రభుత్వం పోయింది, ఆ ఆలోచనతో తెచ్చిన బిల్లూ దాంతోపాటే పోయింది. ఆ తర్వాత దాదాపు 40 ఏళ్లు వైకల్యం ఉన్నవాళ్ల సేవలు రాష్ట్రాల చేతుల్లో, సంస్థల చేతుల్లో నడిచాయి. ప్రభుత్వం సంస్థకి గంపగుత్తగా డబ్బు ఇస్తుంది, సంస్థ దగ్గర ఖాళీ ఉంటే మీకు సాయం దొరుకుతుంది, లేకపోతే లిస్టులో పేరు రాయించుకుని కూర్చోవాలి. మీ పేరు మీద ప్లానే లేనప్పుడు ఇక రివ్యూ ఎక్కడిది?

2011లో ప్రభుత్వానికి సలహాలిచ్చే ప్రొడక్టివిటీ కమిషన్ ఆ పాత పద్ధతిని పరిశీలించి, డబ్బు చాలదు, న్యాయం లేదు, ముక్కలు ముక్కలుగా ఉంది, సమర్థంగానూ లేదు అని మొహమాటం లేకుండా తేల్చేసింది. దాని బదులు ఇన్సూరెన్స్ లాంటి పద్ధతి పెట్టమంది. ఈ ఇన్సూరెన్స్ అనే మాట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మన టార్నీట్ తల్లి భయానికి విత్తనం ఇక్కడే పడింది. ఇన్సూరెన్స్ లెక్క ఏమిటంటే, పిల్లాడికి ఐదేళ్లప్పుడు సరిగ్గా ఖర్చుపెడితే యాభై ఏళ్లప్పుడు అవసరమయ్యే సాయం తగ్గుతుంది. మంచి లెక్కే, నాకు దాని మీద ఫిర్యాదు లేదు. అయితే పెట్టిన ఖర్చు ఫలితం ఇచ్చిందో లేదో తెలియాలంటే ఎవరో ఒకరు కొలవాలి, రాసి పెట్టాలి. ప్రోగ్రెస్ రిపోర్ట్‌కి అంత బరువు వచ్చింది అలాగే.

ప్రధాని జూలియా గిలార్డ్ ప్రభుత్వం 2013 మార్చిలో ఎన్‌డీఐఎస్ చట్టం చేసింది. ఆ జూలై 1న న్యూ సౌత్ వేల్స్‌లో హంటర్, విక్టోరియాలో జీలాంగ్ చుట్టుపక్కల బార్వన్, టాస్మేనియా, సౌత్ ఆస్ట్రేలియాల్లో ట్రయల్ మొదలైంది. ఖర్చులో కొంత భాగం కోసం 2014 జూలై నుంచి ఆదాయం మీద వేసే మెడికేర్ లెవీ అనే పన్నుని 1.5 శాతం నుంచి 2 శాతానికి పెంచారు. చట్టం ప్రకారం ప్లాన్‌లో రెండు భాగాలు ఉంటాయి. మొదటిది మనిషి తన మాటల్లో చెప్పుకునే లక్ష్యాలు, అది పూర్తిగా ఆ మనిషి సొంతం. రెండోది స్కీమ్‌ని నడిపే ప్రభుత్వ ఏజెన్సీ ఒప్పుకునే సాయం. దీనికి చట్టంలో 34వ సెక్షన్ ఒక జల్లెడ పెట్టింది. ఆ సాయం సమంజసంగా ఉండాలి, అవసరమై ఉండాలి, పెట్టిన డబ్బుకి తగ్గ విలువ ఉండాలి, పనిచేసేదై ఉండాలి, మామూలుగా ఇంట్లోవాళ్లు చేసే పని అయి ఉండకూడదు.

ఇప్పుడు ఈ జల్లెడ పక్కన ప్రోగ్రెస్ రిపోర్ట్ పెట్టి చూడండి. పిల్లాడు ఎదగలేదని రాస్తే, ఈ థెరపీ పనిచేయడం లేదేమో అనొచ్చు. బాగా ఎదిగాడని రాస్తే, ఇక అంత అవసరం లేదేమో అనొచ్చు. ముందు నుయ్యి వెనక గొయ్యి. చట్టం రాసినవాళ్ల ఉద్దేశం ఇది కాదని నాకు నమ్మకమే. కానీ పిల్లాడి ఎదుగుదల చెప్పాల్సిన కాగితమే డబ్బుకి సాక్ష్యం కూడా చెప్పాల్సి వచ్చేసరికి, చదివేవాళ్లూ రాసేవాళ్లూ ఇద్దరూ భయంభయంగా ఉంటారు. ఇంకో సంగతి, ఆ రిపోర్ట్ రాసే టైమ్ కూడా చాలాసార్లు ప్లాన్ డబ్బులోంచే పోతుంది. 2025-26 ధరల ప్రకారం ఓటీకి గంటకి గరిష్ఠ ధర 193.99 డాలర్లు. రిపోర్ట్‌కి మూడు గంటలు పట్టిందంటే దాదాపు 582 డాలర్లు, అంటే పిల్లాడితో కూర్చోవాల్సిన మూడు గంటలు కాగితానికి వెళ్లిపోయినట్టు.

2016 జూలై నుంచి స్కీమ్ దేశమంతా విస్తరించింది. అప్పటి గురి ఒక్కటే, వీలైనంత త్వరగా ఎక్కువమందిని చేర్చుకోవడం. 2020కల్లా 4,75,000 మంది వస్తారని అంచనా. 2017లో అదే ప్రొడక్టివిటీ కమిషన్ మళ్లీ చూసి, ఈ తొందరలో మనుషుల సంఖ్య మీద పెట్టిన దృష్టి ప్లాన్ల నాణ్యత మీద లేదని హెచ్చరించింది. ఫోన్లోనే ప్లాన్లు తయారైన రోజులవి. సరిగా లేని ప్లాన్లు వస్తే జనం ఏం చేస్తారు, రివ్యూ అడుగుతారు. 2018లో ప్రభుత్వ సంస్థల మీద ఫిర్యాదులు చూసే కామన్‌వెల్త్ అంబుడ్స్‌మన్ రిపోర్ట్ వచ్చేనాటికి సుమారు 8,100 రివ్యూలు పేరుకుపోయి ఉన్నాయి, వారానికి మరో 620 వరకు కొత్తవి వస్తున్నాయి, కొన్ని తొమ్మిది నెలల దాకా పట్టాయి. ఎదిగే పిల్లలకి తొమ్మిది నెలలంటే ఎంత కాలమో వాళ్ల అమ్మలకే తెలుసు.

దీనికి తోడు 'రివ్యూ' అనే ఒక్క మాటకి మూడు అర్థాలు ఉండేవి. ప్లాన్ గడువు అయ్యాక జరిగేదీ రివ్యూనే, మధ్యలో పరిస్థితి మారిందని అడిగేదీ రివ్యూనే, నిర్ణయం తప్పు, మళ్లీ చూడండి అని సవాలు చేసేదీ రివ్యూనే. సవాలు చేస్తున్నామనుకుని ఒక ఫారం పంపినవాళ్లకి వేరే రకం రివ్యూ జరిగేది. అంతకన్నా కష్టం ఏమిటంటే, ప్లాన్‌లో ఒక చిన్న మార్పు కావాలన్నా మొత్తం ప్లాన్ తిరగతోడాల్సిందే. వీల్‌చెయిర్ గురించి అడగబోతే ఉన్న గంటలకి ఎసరు వస్తుందేమోనని అడగడమే మానేసినవాళ్లు ఉన్నారు. ఎన్‌డీఐఎస్ చట్టాన్ని సమీక్షించిన డేవిడ్ ట్యూన్ 2019 చివర్లో ఇచ్చిన రిపోర్ట్‌లో ఈ గందరగోళం గురించే చెప్పాడు. దాని ఫలితంగా 2022 జూలై 1 నుంచి చట్టం మారింది. ఇప్పుడు మొత్తం ప్లాన్‌ని మళ్లీ చూడటం రీఅసెస్‌మెంట్, చిన్న మార్పు వేరియేషన్, రివ్యూ అనే మాట నిర్ణయాన్ని సవాలు చేయడానికే. నిర్ణయం వచ్చిన మూడు నెలల్లోపు ఇంటర్నల్ రివ్యూ అడగాలి, అదీ నచ్చకపోతే ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. అయినా మనవాళ్లంతా ఇప్పటికీ అన్నిటినీ 'ప్లాన్ రివ్యూ' అనే అంటారు, నేనూ అలాగే అంటున్నాను. ఫారం నింపేటప్పుడు మాత్రం ఏది అడుగుతున్నారో చూసుకోండి.

ఈలోపు ఇంకో తుఫాను వచ్చి పోయింది. 2020లో ప్రభుత్వం 'ఇండిపెండెంట్ అసెస్‌మెంట్' అని ప్రకటించింది. మీకు తెలిసిన థెరపిస్ట్ మాట కాకుండా, మీ మొహం ఎప్పుడూ చూడని ఒకరు కొన్ని గంటలు కూర్చుని అంచనా వేస్తారు. వైకల్యం ఉన్నవాళ్లు, వాళ్ల సంఘాలు గట్టిగా ఎదురు తిరిగాయి, 2021 జూలైలో దాన్ని పక్కన పెట్టేశారు. ఆ జ్ఞాపకం ఇంకా పచ్చిగానే ఉంది.

ఇక్కడ మన తెలుగు ఇళ్ల సంగతి ఒకటి చెప్పాలి. ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చిన తల్లిదండ్రులకి తెలిసింది సదరం సర్టిఫికెట్. క్యాంపుకి వెళ్తాం, డాక్టర్లు చూసి వైకల్యం ఇంత శాతం అని రాస్తారు, 40 శాతం, ఆపైన ఉంటే పెన్షన్‌కి దారి దొరుకుతుంది. ఆ కాగితంలో పిల్లాడు ఏం కావాలనుకుంటున్నాడన్న ప్రశ్నే ఉండదు. ఆ అలవాటుతో ఇక్కడికి వచ్చి ప్లానర్ 'మీ గోల్స్ ఏంటి' అని అడిగితే తడబడతాం, వాళ్లే ఏదో ఒకటి రాస్తే సరే అంటాం. "పండక్కి ఇండియా వెళ్తే తాతయ్యతో నాలుగు ముక్కలు మాట్లాడాలి" అన్నది కూడా గోలే, అలాగే చెప్పండి. గోల్ రాసినంత మాత్రాన డబ్బు వస్తుందని కాదు, కానీ ఏడాది తర్వాత ఎదుగుదలని దేనితో పోల్చి చూడాలో అది చెబుతుంది.

రెండో అలవాటు దీనికన్నా నష్టం చేస్తుంది. ఇంటికొచ్చిన అధికారి ముందు కష్టం చెప్పుకోవడం మనకి నామోషీ. "ఫర్వాలేదండీ, మేమే చూసుకుంటాం, నానమ్మ వచ్చారు కదా" అంటాం. నానమ్మ విజిటర్ వీసా మీద ఆరు నెలలకి వచ్చారు. కాగితంలో మాత్రం కుటుంబం సాయం ఉంది అని పడుతుంది. నానమ్మ వెళ్లిపోయాక కూడా ఆ వాక్యం అక్కడే ఉంటుంది.

సపోర్ట్ వర్కర్లుగా పనిచేస్తున్న మన పిల్లలకీ ఒక మాట. షిఫ్ట్ నోట్స్‌లో 'గుడ్ డే, నో ఇష్యూస్' అని రాసి వెళ్లిపోతుంటారు, అలసిపోయి ఉంటారు, అర్థం చేసుకోగలను. కానీ ఆ రోజు మీరు షాపులో పిల్లాడి చెయ్యి రెండుసార్లు పట్టుకుని ఆపకపోతే రోడ్డు మీదకి పరిగెత్తేవాడు. ఆ సంగతి నోట్స్‌లో లేకపోతే, రోజు బాగా గడవడానికి కారణం మీరేనని రివ్యూలో ఎవరికీ తెలియదు.

స్కీమ్ మొత్తాన్ని సమీక్షించిన బ్రూస్ బోనిహేడీ, లీసా పాల్‌ల రిపోర్ట్ 2023 డిసెంబర్‌లో బయటికి వచ్చింది, అందులో 26 సిఫార్సులు ఉన్నాయి. అప్పటికే ఖర్చు పెరుగుదలని ఏడాదికి 8 శాతానికి తగ్గించాలని ప్రభుత్వాలు లక్ష్యం పెట్టుకున్నాయి. 2024 అక్టోబర్ 3న కొత్త చట్టం అమల్లోకి వచ్చింది, 2025 మే నుంచి ప్లాన్ డబ్బు ఒకేసారి కాకుండా ఎక్కువగా మూడు నెలలకోసారి విడుదలయ్యే పద్ధతి వచ్చింది. 2025 సెప్టెంబర్‌లో ఐ-క్యాన్ అనే అంచనా పద్ధతిని ఎంచుకున్నట్టు చెప్పారు, శిక్షణ పొందిన అసెసర్ మాట్లాడి అవసరాలు రాసుకుంటారు, 16 ఏళ్లు, ఆపై వయసువాళ్లతో మొదలు. రిపోర్ట్‌ల కోసం కుటుంబాలు డబ్బు తగలేసే పరిస్థితి తగ్గితే అంతకన్నా కావాల్సింది లేదు. అయితే నాలుగేళ్లుగా పిల్లాడిని చూస్తున్న థెరపిస్ట్ మాటకి ఆ కొత్త పద్ధతిలో ఎంత విలువ ఉంటుందన్నదే నాకున్న బెంగ. 2021 చూసినవాళ్లు ఈ ప్రశ్న వదలరు, వదలకూడదు కూడా.

టార్నీట్ తల్లికి ఆ ముక్క తీయించొద్దనే చెప్పాను. పిల్లాడు సాధించింది కాగితం మీద ఉండాలి. దాని పక్కన ఇంకో రెండు మూడు వాక్యాలు చేర్చమని ఓటీని అడగమన్నాను. ఆవిడ అడిగింది, ఓటీ వెంటనే ఒప్పుకుంది. ఇప్పుడు రిపోర్ట్‌లో ఇలా ఉంది: బొత్తాలు పెట్టుకోవడానికి పన్నెండు నిమిషాలు పడుతోంది, పక్కన పెద్దవాళ్లు ఒకరు నిలబడి ఒక్కో బొత్తానికీ గుర్తు చేస్తున్నారు. గుర్తు చేసేవాళ్లు లేని రోజు రెండో బొత్తం దగ్గరే ఆగిపోయి, చొక్కా విప్పేసి ఏడుస్తున్నాడు. వచ్చే ఏడాది లక్ష్యం, గుర్తు చేయడం నాలుగుసార్ల నుంచి ఒకసారికి తగ్గించడం, దానికి ఇప్పుడున్న గంటలే కావాలి.

మీటింగ్ వచ్చే గురువారం. తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని అడిగి పెట్టుకున్నాం, నాన్న కూడా సెలవు పెట్టాడు.