తలనొప్పి వస్తే బీపీ ఉన్నట్టేనా?

మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో తలకాయ నొస్తుందంటే చాలు, ముందు వచ్చే మాట "బీపీ పెరిగిందేమో చూపించుకో". పత్తి చేన్లో ఎండకు పొద్దంతా వంగి ఏరిన మనిషి కణత పట్టుకొని ఆర్‌ఎంపీ దగ్గరికి పోతుంది, ఆయన రెక్కకు పట్టీ చుట్టి చూస్తే 150/95 వస్తుంది, బీపీ గోలీ ఇస్తాడు, తెల్లారేసరికి నొప్పి పోతుంది. గోలీ పనిచేసిందనే అందరూ అనుకుంటారు.

చాలాసార్లు సంగతి తిరగబడి ఉంటుంది. బీపీ వల్ల నొప్పి రాలేదు, నొప్పి వల్లనే కాసేపు బీపీ పెరిగింది. మామూలుగా పెరిగే బీపీకి తలనొప్పి రాదు. 180/120 దాటి ఒక్కసారిగా ఎగబాకినప్పుడు రావచ్చు, అప్పుడది ఎమర్జెన్సీ. ఒక పక్క టపటపా కొట్టుకునే నొప్పి, వాంతి వచ్చేటట్టుండడం, వెలుతురూ చప్పుడూ గిట్టక చీకటి గదిలో పడుకోబుద్ధి కావడం, ఇట్లా 4 గంటల నుంచి 72 గంటల దాకా సాగితే అది మైగ్రేన్ కావచ్చు. ముఖం నుంచి, మెదడు పొరల నుంచి నొప్పిని మోసే ట్రైజెమినల్ నరం రేగి, సీజీఆర్‌పీ అనే పదార్థం విడుదలై వచ్చే బాధ అది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో దాదాపు మూడింతలు ఎక్కువ.

నాకు భయం వేసేది రెండు విషయాలకు. తల నొయ్యడం లేదు కదా అని బీపీ గోలీ మానేసేవాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉన్నారు, బీపీ మాత్రం ఏ నొప్పీ లేకుండానే కిడ్నీలను, గుండెను, మెదడును దెబ్బ తీస్తూ పోతుంది. ఇంకొకటి, కిరాణా కొట్లో కూడా దొరికే నొప్పి గోలీలు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి రోజూ మింగితే బీపీ పెరుగుతుంది, నెలలో పదిహేను రోజుల చొప్పున నెలల తరబడి అట్లా వాడితే ఆ గోలీల వల్లనే తలనొప్పి రావడం మొదలుకావచ్చు!

అట్లాగని బీపీకీ మైగ్రేన్‌కూ సంబంధమే లేదనుకోవద్దు. 1960లలో గుండెనొప్పికి ప్రొప్రనలాల్ (బీపీకి కూడా వాడే మందు) ఇచ్చినప్పుడు మైగ్రేన్ తగ్గడం అనుకోకుండా బయటపడింది, ఇప్పటికీ మైగ్రేన్ మాటిమాటికీ రాకుండా ఆ మందు ఇస్తారు. కాండెసార్టాన్ అనే బీపీ మందు కూడా పనికొస్తుంది. రెండూ ఉన్నవాళ్ళకు ఒకే మందు రెంటికీ సరిపోవచ్చు, కాకపోతే ఆస్తమా ఉంటే ప్రొప్రనలాల్ ప్రమాదం, డాక్టర్‌కు ముందే చెప్పాలి. నొప్పి లేచినప్పుడు వేసుకునే ట్రిప్టాన్‌లు, ఎర్గోటమైన్ గోలీలు రక్తనాళాలను బిగిస్తాయి, బీపీ అదుపులో లేనివాళ్ళు వాటి జోలికి పోకూడదు.

అందుకే నొప్పి పూర్తిగా తగ్గాక, చాయ్, బీడీ ముట్టుకోకుండా అరగంట ఆగి, అయిదు నిమిషాలు కదలకుండా కూర్చొని, వేరువేరు రోజుల్లో బీపీ చూపించుకోండి. ఇక ఎన్నడూ లేనంత నొప్పి ఒక్కసారిగా వచ్చినా, మాట తడబడినా, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయినా మైగ్రేనే అనుకొని పడుకోవద్దు, 108కి ఫోన్ చేసి పెద్ద దవాఖానకు పోవాలి.